బండి మాట్లాడకముందే పోటు టైమ్ చూడండి: బీచ్ ట్రిప్ పెద్దలకు బహిరంగ లేఖ

ట్రిప్ పెద్దలకు,

నమస్కారం. ఈ పిలుపు ఎవరికో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ప్రతి ఆఫీసులో, ప్రతి ఇంట్లో, ప్రతి స్నేహితుల గుంపులో మీలాంటివారు ఒకరుంటారు. "ఆదివారం బీచ్‌కి పోదామా" అని ఎవరో ఒక మాట అనేసి మర్చిపోతారు. ఆ మాట పట్టుకుని అందరి చేతా ఊ అనిపించి, బండి మాట్లాడి, తలా ఇంత అని వసూలు చేసి, తెల్లవారుజామున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లేపేది మాత్రం మీరే. పెళ్లికి పెళ్లిపెద్ద ఎలాగో ట్రిప్‌కి మీరు అలాగ. ఆలస్యమైతే తిట్లు మీకే. ఫొటోల్లో మాత్రం ఉండరు, తీసేది మీరే కాబట్టి.

నేనూ చాలాకాలంగా ఆ బాపతే. సిటీలో ఉద్యోగాలు, రెండు మూడు గంటల దూరంలో అందరికీ తెలిసిన ఒక బీచ్, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ప్లాన్. ఎన్ని చేశానో లెక్కలేదు. నా ప్లాన్‌లో లేనిదంటూ ఉండేది కాదు. ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎవరికి కిటికీ పక్క సీటు కావాలి, ఎవరికి కడుపులో తిప్పుతుంది, మధ్యలో ఎక్కడ ఆపాలి, స్పీకర్ ఎవరు తేవాలి, అన్నీ ఉండేవి. సముద్రం ఒక్కటే ఉండేది కాదు. అదెక్కడికి పోతుంది, మనం వెళ్లేసరికి అక్కడే ఉంటుంది కదా అనుకునేవాణ్ని.

ఆరేళ్ల కిందటి మాట చెబుతాను.

రెండు బండ్లు, పదిహేడు మంది. ఏడింటికి బయల్దేరాలనుకుని ఎనిమిదిన్నరకు కదిలాం. సిటీ మొత్తానికి ఆ రోజే బీచ్ గుర్తొచ్చినట్టుంది, పొలిమేర దాటడానికే గంటకు పైగా పట్టింది. ఇసుకలో కాలు పెట్టేసరికి పదకొండున్నర. జనం ఉన్న చోట రెండు జెండాలు పాతి ఉన్నాయి, వాటి మధ్య ఎత్తు కుర్చీలో లైఫ్‌గార్డ్ కూర్చుని ఉన్నాడు. అక్కడ చాప పరిచేంత చోటు కూడా లేదు. "ఈ రద్దీలో ఏం బాగుంటుంది, కొంచెం పక్కకు పోదాం రండి" అన్నది నేనే. కాస్త దూరం నడిచేసరికి ఖాళీగా, శుభ్రంగా ఒక చోటు దొరికింది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో కొంత మేర మాత్రం అలలే లేవు. నీళ్లు కాస్త ముదురు రంగులో, చెరువులా నిమ్మళంగా ఉన్నాయి. "పిల్లల కోసమే చేసిపెట్టినట్టుంది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా అక్క కొడుక్కి అప్పుడు పన్నెండేళ్లు. రెండు వేసవులు స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చుకున్నాడు. వాడు నడుము లోతులో నిలబడి ఉండటం చూశాను. గొడుగు తీసి ఇసుకలో పాతడానికి నాకు మహా అయితే రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. తలెత్తి చూస్తే వాడు చాలా దూరంలో ఉన్నాడు. అరవలేదు. చెయ్యి ఊపలేదు. తల వెనక్కి వాలి ఉంది. నోరు నీటి అంచున తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. తడి జుట్టు కళ్ల మీద పడినా తోసుకోవడం లేదు. వెల్లకిలా తేలడం ప్రాక్టీస్ చేస్తున్నాడేమో అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అలా అనుకున్నాను.

ఒడ్డున పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అప్పటికే లేచాడు. పడవలోంచి మూత బిగించి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ ఒకటి తీసుకుని, దాని పిడికి కట్టి ఉన్న తాడు ముక్కను చేతికి చుట్టుకుని, సరిగ్గా ఆ ముదురు నీళ్లలోకే దిగాడు. వెళ్లేటప్పుడు ఆయన పెద్దగా ఈదింది లేదు, సముద్రమే తీసుకుపోయింది. వాడి చేతికి క్యాన్ అందించి, వచ్చేటప్పుడు మాత్రం ఆ దారిన రాలేదు. ఒడ్డు వెంబడే పక్కకు చాలా దూరం జరిగి, తెల్లగా అలలు విరుగుతున్న చోటు చూసుకుని, వాటి ఊపు మీద వచ్చాడు. ఇసుకలో కూలబడ్డ మా వాడి వీపు మీద చరుస్తూ నా వైపు చూసి ఒకే మాట అన్నాడు. "అలల్లేని చోటు ఆటకు కాదు బాబూ, అది నీళ్లు తిరిగిపోయే దారి."

ఆ మాటలో ఎంత విషయం ఉందో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. అలలు ఒకదాని వెంట ఒకటి నీళ్లను ఒడ్డుకు నెడుతూనే ఉంటాయి. వచ్చిన నీళ్లు ఎక్కడో అక్కడ వెనక్కి పోవాలి కదా. ఒడ్డుకు కాస్త లోపల నీటి అడుగున ఇసుక తిన్నెలు ఉంటాయి. వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే నీళ్లు అటు మళ్లి, సన్నటి కాలవలా లోపలికి పరుగెడతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, నురగ రాదు, రంగు ముదురుగా ఉంటుంది. అంటే తెలియనివాడి కంటికి బీచ్ మొత్తంలో సురక్షితంగా కనబడేది సరిగ్గా ఆ చోటే. ఇంతకన్నా మోసం ఉంటుందా!

మామూలుగా దాని వేగం సెకనుకు అర మీటరు అటూ ఇటూగా ఉంటుంది. కానీ 2.4 మీటర్ల దాకా కొలిచిన సందర్భాలున్నాయి. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఒలింపిక్ స్వర్ణం కొట్టేవాడి సగటు వేగం కూడా అంత ఉండదు. దానికి ఎదురు ఈదితే ఉన్నచోటే ఉంటాం, ఒంట్లో సత్తువ మాత్రం అయిపోతుంది. అది మనిషిని అడుక్కి లాగదు, లోపలికి తీసుకుపోయి కొంత దూరంలో వదిలేస్తుంది. చిక్కుకున్నవాడు కంగారుపడకుండా తేలుతూ ఉండాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటునుంచి బయటికి రావాలి. లేదంటే చెయ్యెత్తి ఊపుతూ తేలుతూనే ఉండాలి. చెప్పడానికి రెండు వాక్యాలే. నీళ్లలో ఉన్నప్పుడు గుర్తు రావాలంటే బండిలో వెళ్లేటప్పుడే ఒకటికి రెండుసార్లు విని ఉండాలి. స్పీకర్‌లో పాటలు ఒక ఐదు నిమిషాలు ఆపండి, నష్టమేమీ లేదు.

"మావాళ్లకు ఈత వచ్చండీ" అంటారు మీరు. హెరాల్డ్ హోల్ట్‌కి కూడా వచ్చు. ఆయన అప్పటి ఆస్ట్రేలియా ప్రధానమంత్రి. సముద్రమంటే ప్రాణం, నీటి అడుగున చేపలు వేటాడటం ఆయన సరదా. 1967 డిసెంబర్ 17న, ఆదివారం, మెల్‌బోర్న్‌కి దగ్గర్లోని షెవియట్ బీచ్‌లో స్నేహితులతో కలిసి వెళ్లి, నీళ్లు ఉధృతంగా ఉన్నా దిగాడు. దేశం దేశమే వెతికినా శవం కూడా దొరకలేదు. ఆయన కూడా ఆ వారాంతంలో సరదాగా బీచ్‌కి వచ్చినవాడే. పూల్‌లో నాలుగు రౌండ్లు కొట్టడం వేరు, అడుగు అందని నీళ్లలో, ఉప్పు కళ్లలో పడుతుండగా, అల తర్వాత అల మొహాన కొడుతుండగా తేలడం వేరు. కాబట్టి ఈసారి లిస్టు రాసేటప్పుడు "ఈత వచ్చా" అని అడగకండి. ఆ ప్రశ్నకు మగవాళ్లు ముఖ్యంగా నిజం చెప్పరు. "సముద్రంలో ఎప్పుడైనా ఈదావా, ఎంతసేపు" అని అడగండి.

ఇక ప్లాన్ సంగతి. నేను మిమ్మల్ని అడగబోయే మొదటి మార్పు ఇదే. మనమంతా బండితో మొదలుపెడతాం. బండి ఎప్పుడు దొరుకుతుంది, కాబట్టి ఎన్నింటికి బయల్దేరతాం, కాబట్టి ఎన్నింటికి చేరతాం. చేరినప్పుడు సముద్రం ఎలా ఉంటే అలాగే దిగుతాం. దీన్ని తిరగెయ్యండి. ముందు ఆ రోజు ఆ తీరంలో పోటు (నీళ్లు బాగా పైకి వచ్చేది) ఎన్నింటికి, ఆటు (బాగా వెనక్కి పోయేది) ఎన్నింటికి అని చూడండి. దాన్నిబట్టి నీళ్లలో దిగే రెండు గంటలు ఏవో తేల్చుకోండి. ఆ తర్వాత బండి మాట్లాడండి.

చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు పొద్దున పదింటికి పోటు ఉంటే రేపు దాదాపు పదీ యాభైకి ఉంటుంది. "పోయిన నెల వచ్చినప్పుడు ఈ టైమ్‌కి నీళ్లు ఇక్కడిదాకా లేవే" అని ఆశ్చర్యపోయేది ఇందుకే. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూగా పోటు మరీ పైకి వస్తుంది, ఆటు మరీ లోపలికి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. క్యాలెండర్ గోడకే వేలాడుతూ ఉంటుంది, ఒకసారి తలెత్తితే చాలు. తీరాన్నిబట్టి కూడా లెక్క మారుతుంది. కొన్ని సముద్రాల్లో ఆటుపోట్ల తేడా ఒక అడుగు కూడా ఉండదు, కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి వేరే బీచ్‌కి చూసిన టైమ్ ఇక్కడ చెల్లదు. వెళ్లే తీరం పేరుతోనే చూడాలి.

టైమ్ తెలిస్తే ఏమవుతుందంటారా? చాలా బీచ్‌లలో ఆటు వైపు రిప్ కరెంట్ జోరు ఎక్కువవుతుంది, ఎందుకంటే నీళ్లు తగ్గేకొద్దీ అవన్నీ ఆ సందుల్లోంచే పోవాలి. రాళ్లున్న చోట దీనికి తలకిందులుగా ఉంటుంది. ఆటు సమయంలో పొడిగా నడుచుకుంటూ ఫొటోల కోసం రాళ్ల చివరికి వెళ్లినవాళ్లకు, పోటు మొదలయ్యాక వెనక దారి మునిగిపోతుంది. సెల్ఫీలో నవ్వుతూ ఉన్నవాడికి వెనకాల నీళ్లు ఎప్పుడు చుట్టుముట్టాయో తెలియదు. మీ ప్లాన్‌లో "ఫొటో స్పాట్" అని ఒక గంట ఉంటే, ఆ గంట ఆటులో పడుతోందా, పోటు ఎక్కుతుండగా పడుతోందా అని చూసుకోండి.

వాతావరణం బాగుంటే సముద్రం కూడా బాగుంటుందనేది మనకున్న ఇంకో భ్రమ. నాకూ ఉండేది. ఎండ కాస్తోంది, ఆకు కదలడం లేదు, ఇంకేం భయం అని. కానీ మన కాళ్ల దగ్గర విరిగే అల ఎక్కడ పుట్టిందో ఎవరికి తెలుసు? 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త తన బృందంతో కలిసి అంటార్కిటికా వైపు తుపానుల్లో పుట్టిన అలలను పసిఫిక్ మహాసముద్రం పొడవునా వెంటాడాడు. దారిలో దీవుల మీద పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ అలలు 10 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అలాస్కా ఒడ్డుకు చేరాయి. అక్కడున్నవాళ్లకు ఆ తుపాను సంగతే తెలియదు. మీ సిటీలో ఎండ ఉందా, వాన ఉందా అన్నది ఒక లెక్క, అలల ఎత్తు ఎంత అన్నది వేరే లెక్క. రెండూ చూడండి. అధికారులు పెద్ద అలల హెచ్చరిక ఇచ్చి ఉంటే ట్రిప్ ఇంకో వారానికి జరపండి. డబ్బులు కట్టేశాం కదా అని మొహమాటపడకండి.

ఇంకోటి, దూరం నుంచి వచ్చే అలలు గుంపులు గుంపులుగా వస్తాయి. ఓ పది నిమిషాలు అన్నీ చిన్నవే ఉండి, హఠాత్తుగా నాలుగైదు పెద్దవి వరసగా రావచ్చు. అందుకే చేరగానే దిగకండి. కనీసం పావుగంట ఒడ్డున కూర్చుని చూడండి. ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, నురగ, చెత్తాచెదారం ఎటు పోతున్నాయి. లోపలికి పోతున్న నురగ కనబడితే అదే ఆ దారి. కాస్త ఎత్తులోంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లలు ఆగరని తెలుసు. వాళ్లనే అడగండి, "నీళ్లు వెనక్కి పోయే దారి ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం" అని. మా పిల్లలు ఇప్పుడు నాకంటే ముందే చూపిస్తున్నారు.

1938 ఫిబ్రవరి 6న సిడ్నీలోని బాండై బీచ్‌లో ఇలాగే జరిగింది. అదీ సిటీని ఆనుకుని ఉన్న, కిక్కిరిసిన బీచే, ఆదివారమే. వరసగా వచ్చిన పెద్ద అలలు ఇసుక తిన్నె మీద నిలబడి ఉన్న వందలాది మందిని ఒక్క ఊపున లోతుల్లోకి ఊడ్చేశాయి. సుమారు 250 మందిని కాపాడారు, ఐదుగురు చనిపోయారు. లైఫ్‌సేవర్లు పదుల సంఖ్యలో అక్కడే ఉండబట్టి ఐదుతో ఆగింది. అదే జనం జెండాలు లేని చోట ఉండి ఉంటే ఎంతయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ రోజు నేను రద్దీ అని పక్కకు తీసుకెళ్లానే, అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాండై లెక్క గుర్తొస్తుంది. రద్దీగా ఉన్నా సరే, లైఫ్‌గార్డ్ కంటి ముందే ఉండండి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యే దిగండి. ఒట్టి ఎర్ర జెండా ఉంటే దిగకండి. ఊదా రంగు జెండా కనబడితే నీళ్లలో జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. దేశాన్నిబట్టి జెండాలు కొంచెం మారుతుంటాయి, తెలియకపోతే లైఫ్‌గార్డ్‌నే అడగండి. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు పాపం, అడిగితే సంతోషంగా చెబుతారు.

మా మేనల్లుడు ఎందుకు అరవలేదన్న ప్రశ్న నన్ను చాలాకాలం తినేసింది. దీనికీ సమాధానం దొరికింది. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునిగిపోతున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 1970ల్లో ఈ విషయం బయటపెట్టాడు. నిజంగా మునిగిపోతున్న మనిషికి అరిచే వీలుండదు. నోరు నీటిపైకి వచ్చిన ఆ కాస్త వ్యవధిలో ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇక అరవడానికి గాలెక్కడిది? చేతులు ఊపలేరు, వాటంతటవే పక్కలకు చాచుకుని నీటిని కిందికి నొక్కుతుంటాయి. అలా ఉండేది 20 నుంచి 60 సెకన్లు మాత్రమే, ఆ తర్వాత మునక. నేను గొడుగు పాతడానికి పట్టిన సమయం అంతకు రెట్టింపు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అన్ని రకాల నీళ్లూ కలిపిన లెక్క ఇది. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు.

అందుకే మా గుంపులో ఇప్పుడు ఒక టోపీ ఉంది. ఎర్రది, ఎండకు వెలిసిపోయి ఇటుక రంగుకొచ్చింది. అది ఎవరి తల మీద ఉంటే వాళ్లు అరగంట పాటు నీళ్లనే చూడాలి. ఫోన్ బ్యాగులో పెట్టెయ్యాలి. మాటలు, పేకాట, కునుకు ఏవీ కుదరవు. తలలు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. అరగంట కాగానే టోపీ ఇంకొకరి చేతికి, నోటితో "ఇక నువ్వే" అని చెప్పి మరీ ఇవ్వాలి. మొదట్లో మా బావ ఎగతాళి చేశాడు, స్కూల్లో క్లాస్ లీడర్ బ్యాడ్జీలా ఉందని. ఇప్పుడు తన వంతు మర్చిపోతే అలుగుతాడు. "అందరం చూస్తూనే ఉంటాంలే" అనే మాట మాత్రం నమ్మకండి. పదిహేడు మంది చూస్తూనే ఉన్నారు ఆ రోజు. ఇంకో చిన్న సంగతి, పిల్లలకు నీలం, ఆకుపచ్చ స్విమ్‌సూట్లు వెయ్యకండి, నీళ్లలో కలిసిపోతాయి. నారింజ, మెరిసే గులాబీ రంగులు దూరానికి కూడా కనబడతాయి. ముద్దుగా లేవని పిల్లలు గొణిగినా సరే.

ఎవరైనా చిక్కుకున్నారని తెలిస్తే వెంటనే వెనకాల దూకకండి. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఆ రోజు నేనూ దూకబోయాను, ఆ పెద్దాయన భుజం పట్టి వెనక్కి తోశాడు. కాపాడబోయినవాళ్లు మునిగిపోయి, చిక్కుకున్నవాళ్లు బతికి బయటపడ్డ సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఒక కుటుంబంలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని వార్త చదివితే చాలాసార్లు వెనక ఉన్న కథ ఇదే. లైఫ్‌గార్డ్‌ని పిలవండి. ఒకరు అత్యవసర నంబర్‌కి ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు వేలు చూపిస్తూ మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడాలి. చేతికందిన తేలే వస్తువు ఏదైనా విసరండి, మూత బిగించిన ఖాళీ క్యానైనా, బంతైనా. ఆ ట్రిప్ తర్వాత ఒక ఖాళీ క్యాన్, ఒక పొడవాటి తాడు మా డిక్కీలో ఎప్పుడూ ఉంటున్నాయి. ఆ అత్యవసర నంబర్ ఏదో, ఆ బీచ్‌కి ఏ పేరు చెబితే వచ్చేవాళ్లకు దారి తెలుస్తుందో వెళ్లేముందే అందరికీ పంపండి.

ఎండ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, అయినా ఒక్క మాట. సముద్రపు గాలి వల్ల వేడి తెలియదు కానీ చర్మం కాలుతూనే ఉంటుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపు నీడపట్టున ఉండే పనులు పెట్టుకోండి. నీళ్లలోకి పొద్దున్నే, లేదా సాయంత్రం. పోటు టైమ్ దీనితో కలవకపోతే ఆ ఆదివారం వదిలేసి కలిసే ఆదివారం చూసుకోండి. సంవత్సరానికి 52 ఉన్నాయి.

తిరుగు ప్రయాణం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ప్లాన్ చెయ్యరు. వెళ్లేటప్పటి ప్లాన్ నిమిషాలతో సహా ఉంటుంది, వచ్చేటప్పుడు "సూర్యాస్తమయం చూసి బయల్దేరదాం" అని ఒక్క ముక్క. సిటీ నుంచి వచ్చిన ప్రతి బండీ అదే చూసి, అదే రోడ్డెక్కుతుంది. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. డ్రైవింగ్ చేసేవాడు పొద్దున నాలుగింటికి లేచాడు. రాత్రి తొమ్మిదికి సిటీ పొలిమేరలో ట్రాఫిక్‌లో ఉన్నాడు. అంటే 17 గంటలుగా మేలుకుని ఉన్నాడు. అంతసేపు నిద్రలేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1990ల చివర్లో పరిశోధకులు పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. అంత మోతాదు దొరికితే బండి పక్కకు పెట్టించే దేశాలు చాలా ఉన్నాయి. మనవాడు చుక్క కూడా ముట్టలేదు. ఎండలో ఎండి, నీళ్లలో నాని, కడుపు నిండా తిని, వెనక సీట్లో అందరూ గుర్రుపెడుతుండగా ఒక్కడే కళ్లు చిట్లించుకుని ఎదురు లైట్లలోకి చూస్తున్నాడు. మధ్యాహ్నం డ్రైవర్‌కి నీడలో గంట నిద్ర అని ప్లాన్‌లో రాసిపెట్టండి. ఆ గంటలో ఆయన్ని ఫొటో తియ్యమని కూడా లేపకండి. ముందు సీట్లో మేలుకుని మాట్లాడేవాళ్లు ఒకరుండాలి. సూర్యాస్తమయం అంత ముఖ్యమైతే, చూశాక రెండు గంటలు అక్కడే కూర్చుని రద్దీ తగ్గాక నింపాదిగా రండి, రెండో డ్రైవర్ ఉంటే.

చెత్త సంగతి ఇక్కడ పెద్దగా చెప్పను, మీ ఇంట్లో పిల్లలే చెబుతున్నారు. సిగరెట్ పీక మాత్రం దూదో కాగితమో కాదు, ప్లాస్టిక్. 1986 నుంచి ఏటా జరుగుతున్న అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమంలో ఏళ్ల తరబడి అన్నిటికంటే ఎక్కువగా ఏరినవి అవే. ఇసుకలో గుచ్చేస్తే మాయమైపోదు.

"ఇంత టెన్షన్ పెట్టుకుంటే ఇక సరదా ఏముంది" అని మీలో కొందరు అనుకుంటున్నారు. నాకు తెలుసు, మా గుంపులోనూ అన్నారు. పోటు టైమ్ చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒడ్డున పావుగంట కూర్చోవడం ఎటూ కూర్చునేదే. టోపీ వంతు మనిషికి అరగంట. ఇంతేగా. బండి బేరానికే మనం ఇంతకన్నా ఎక్కువ సేపు ఫోన్లో ఉంటాం. పైగా నిజం చెప్పాలంటే, నీళ్ల వైపు ఎవరో ఒకరు చూస్తున్నారని తెలిశాక మిగతావాళ్లు ఇంకా నిశ్చింతగా ఆడుకుంటున్నారు. మా అక్క అయితే ఆ ట్రిప్ తర్వాత మూడేళ్లు బీచ్ మాటెత్తనివ్వలేదు. నాలుగో ఏడు వచ్చింది. ఆ రోజు మొదటి మూడు వంతులూ తనే టోపీ పెట్టుకుని కూర్చుంది, అడిగినా ఇవ్వలేదు.

కాబట్టి వచ్చే ఆదివారానికి మీరు పంపబోయే మెసేజ్‌లో "ఎవరెవరు వస్తున్నారు" అనే లైన్‌కి ముందు ఇంకో లైన్ చేర్చండి. ఆ రోజు పోటు ఎన్నింటికి, ఆటు ఎన్నింటికి, నీళ్లలో ఉండేది ఎప్పటినుంచి ఎప్పటిదాకా. అది రాశాకే బండివాడికి ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీలాంటి ఇంకో ట్రిప్ పెద్ద

తా.క. పిల్లలు ఇసుకలో గొయ్యి తవ్వుతుంటే ముచ్చటపడి వదిలెయ్యకండి. 2007లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో డాక్టర్లు లెక్క రాశారు: పదేళ్ల కాలంలో ఇసుక గోతులు కూలి మనుషులు కూరుకుపోయిన 52 ఘటనలు వాళ్ల దృష్టికి వస్తే, 31 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. తడి ఇసుక గోడలా నిలబడ్డట్టే ఉండి, ఆరగానే ఒక్కసారిగా జారుతుంది, పైన ఆనవాలు కూడా మిగలదు. గుంపులో అందరికంటే చిన్నపిల్ల మోకాలి లోతు దాటనివ్వకండి. వచ్చేటప్పుడు పూడ్చేసి రండి, చీకట్లో ఎవరైనా కాలు పెడతారు.